గ్రాఫిక్స్ కార్డు తీయడం: ఐదు పట్లు, వాటిని వదిలించే వరస

డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డును ఐదు పట్లు పట్టుకుని ఉంటాయి. వెనక మానిటర్ కేబుళ్లు, పక్కన పవర్ కేబుళ్లు, క్యాబినెట్‌కు బిగించిన స్క్రూలు, పెద్ద కార్డయితే కింద పెట్టిన ఊతం, అన్నిటికన్నా లోపల, మదర్‌బోర్డు మీద కార్డు దిగే స్లాటు చివర్న ఉండే చిన్న ప్లాస్టిక్ లాకు. ఐదూ వదిలాక కార్డు పెద్దగా బలం పెట్టకుండానే లేచి వస్తుంది. ఒక్కటి మిగిలినా రాదు. రానప్పుడు ఇంకాస్త గట్టిగా లాగి చూద్దాం అనిపిస్తుంది కదా, బోర్డుకు ముప్పు వచ్చేది సరిగ్గా అక్కడే. స్టాటిక్ గురించి, అంటే ఒంట్లో పోగయ్యే స్థిర విద్యుత్తు గురించి అందరూ హెచ్చరిస్తారు, ఆ జాగ్రత్త అవసరమే. కానీ ఈ పనిలో స్టాటిక్ కన్నా చేతి బలానికే ఎక్కువ భయపడాలన్నది మా అభిప్రాయం.

కంప్యూటర్ ఇంకా ఆన్‌లో ఉండగానే

కార్డు తీశాక తెర మీద బొమ్మ ఎక్కణ్నుంచి వస్తుందో ముందే తేల్చుకోండి. తీసిన వెంటనే ఇంకో కార్డు పెట్టేస్తుంటే ఈ బెంగ లేదు. లేదంటే ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కదా అని ధీమా పడొద్దు. పోర్టు బోర్డుది, దానికి బొమ్మ పంపాల్సింది ప్రాసెసర్. ఇంటెల్‌లో మోడల్ నంబరు చివర ఎఫ్ గానీ కేఎఫ్ గానీ ఉంటే, అంటే 12400ఎఫ్, 13600కేఎఫ్ లాంటివైతే, లోపల గ్రాఫిక్స్ లేనట్టే. ఏఎండీ రైజెన్‌లో 5000 సిరీస్ దాకా జీ అక్షరం ఉన్న చిప్పులకే ఆ సదుపాయం ఉండేది: 5600జీకి ఉంది, 5600ఎక్స్‌కు లేదు. 7000 సిరీస్ నుంచి చాలావాటికి చిన్నపాటి గ్రాఫిక్స్ చేర్చారు, 7500ఎఫ్ లాంటి ఎఫ్ మోడళ్లకు తప్ప.

విడి కార్డు ఉన్నంతసేపూ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను చాలా బోర్డులు ఆపి ఉంచుతాయి. కార్డు తీయగానే అది దానంతటదే పనిలోకి వస్తుంది. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, ఎవరైనా దాన్ని డిసేబుల్ చేసి పెట్టి ఉంటే మాత్రం ఇప్పుడే ఆటోకి మార్చండి. కార్డు తీశాక మారుద్దామంటే బయోస్ చూడ్డానికి తెర ఉండదు.

డ్రైవర్ల దగ్గర, అంటే కార్డును విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్‌ల దగ్గర, జనం అవసరానికి మించి హడావుడి పడుతుంటారు. దుమ్ము దులిపి అదే కార్డు తిరిగి పెడుతుంటే డ్రైవర్ జోలికే పోనక్కర్లేదు. ఎన్‌విడియా తీసి ఎన్‌విడియానే పెడుతున్నా, పాతదాని మీద కొత్త డ్రైవర్ ఇన్‌స్టాల్ చేస్తే మామూలుగా సరిపోతుంది. ఎన్‌విడియా నుంచి ఏఎండీకో ఇంటెల్‌కో మారుతున్నప్పుడు మాత్రం పాత డ్రైవర్‌ను శుభ్రంగా తీసేయడం మేలు. విండోస్ సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి తీసేయొచ్చు. ఆనవాళ్లు కూడా మిగలకూడదంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను సేఫ్ మోడ్‌లో నడపాలి. నడిపేముందు నెట్ ఆపేయండి. లేకపోతే మీరు తీసేస్తున్న డ్రైవర్‌ను విండోస్ అప్‌డేట్ మళ్లీ దింపి కూర్చుంటుంది.

డిస్కుకు బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీని ఈ కంప్యూటర్‌లో కాకుండా ఇంకెక్కడైనా రాసిపెట్టుకోండి. హార్డ్‌వేర్ మారిందని గమనించి కొన్ని మెషీన్లు బూటయ్యేటప్పుడు దాన్ని అడుగుతాయి. కీ దొరక్కపోతే డిస్కులో ఉన్నదంతా మీకు అందకుండా పోతుంది.

షట్‌డౌన్ చేసేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద క్లిక్ చేయండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ నిజానికి సగం హైబర్నేషన్. పాత డ్రైవర్ల స్థితిని డిస్కులో దాచి, మర్నాడు దాన్నే తిరిగి లేపుతుంది. షిఫ్ట్ పట్టుకుంటే పూర్తిగా ఆగుతుంది. స్లీప్‌లో ఉన్న కంప్యూటర్‌ను తెరవడం అన్న ఆలోచనే వద్దు.

కరెంటు పూర్తిగా తీసేయడం

షట్‌డౌన్ అయినా ప్లగ్గు ఉన్నంతసేపూ పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై లైను నడుస్తూనే ఉంటుంది. అందుకే ఆగిపోయిన మెషీన్‌లో కూడా బోర్డు మీద ఏదో ఓ మూల చిన్న లైటు వెలుగుతుంటుంది. ముందు గోడ స్విచ్ ఆపండి. తర్వాత పవర్ సప్లై వెనకున్న స్విచ్‌ను సున్నా గుర్తు వైపు నొక్కండి. ఆ తర్వాత పవర్ వైరు పూర్తిగా పీకేయండి. ఇప్పుడు క్యాబినెట్ ముందున్న పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన ఛార్జి దిగిపోతుంది. కొన్ని మెషీన్లలో ఫ్యాను ఒక్క క్షణం కదిలి ఆగడం కనిపిస్తుంది, బోర్డు లైటు కూడా ఆరిపోతుంది. పవర్ సప్లై డబ్బా లోపలి కెపాసిటర్లలో మాత్రం వైరు పీకాక కూడా ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండొచ్చు. దాన్ని విప్పాల్సిన అవసరం ఈ పనిలో ఎక్కడా రాదు.

ప్లగ్గు గోడకే ఉంచి స్విచ్ ఒక్కటే ఆపితే ఎర్తింగ్ దొరుకుతుంది కదా అని ఒక వాదన ఉంది. ఎర్త్ సరిగ్గా ఉన్నచోట అది నిజమే. అయినా వైరు పీకేయమనే చెబుతాం. స్టాటిక్ నుంచి రక్షణకు నిజంగా కావాల్సింది భూమి కాదు. మీ ఒళ్లూ, క్యాబినెట్టూ, కార్డూ ఒకే వోల్టేజిలో ఉంటే చాలు. దానికి క్యాబినెట్‌లో పెయింట్ లేని లోహాన్ని ముట్టుకోవడం సరిపోతుంది. పెయింట్ వేసిన రేకును తాకితే లాభం లేదు, పెయింటు కరెంటును అడ్డుకుంటుంది. వెనక పవర్ సప్లైని బిగించిన స్క్రూల తలలు అందుకు అనువైన చోటు.

ఒంట్లో పోగైన స్టాటిక్ చేతికి చురుక్కుమనాలంటే సుమారు 3000 వోల్టులు దాటాలి. చిప్పు పాడవడానికి అంతకంటే చాలా తక్కువ చాలు. అంటే మీకు ఏమీ తెలియకుండానే దెబ్బ తగలొచ్చు. మణికట్టుకు కట్టుకునే యాంటీస్టాటిక్ పట్టీ ఉంటే కట్టుకుని, దాని క్లిప్పును క్యాబినెట్ లోహానికి తగిలించండి. ఆ పట్టీలో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది, ఎక్కడైనా కరెంటు తగిలినా ఒంట్లోంచి పారే ప్రవాహాన్ని అది అదుపులో ఉంచుతుంది. పట్టీ బదులు మామూలు తీగ చుట్టుకోవడం అందుకే మంచిది కాదు. పట్టీ లేకపోయినా పని ఆగదు: ఉన్ని బట్టలు, నైలాన్ బట్టలు వేసుకోకుండా, తివాచీ మీద నిలబడకుండా, కార్డును ముట్టుకునే ముందు ప్రతిసారీ లోహాన్ని తాకండి. లేచి అటూ ఇటూ తిరిగి వస్తే మళ్లీ తాకండి.

అప్పటిదాకా గేమ్ ఆడుతుంటే 10 నుంచి 15 నిమిషాలు ఆగండి. కార్డు వెనకున్న లోహపు పలక చెయ్యి చురుక్కుమనేంత వేడిగా ఉంటుంది. చెయ్యి కాలి ఉలిక్కిపడి వదిలేసిన కార్డు ఎక్కడ పడుతుందో చెప్పలేం.

క్యాబినెట్‌ను తెరిచి పడుకోబెట్టడం

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ప్లస్ ఆకారపు మొన ఉన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, 2వ నంబరుది. మొనలో అయస్కాంతం ఉంటే ఇంకా మంచిది, దానివల్ల కార్డుకు ఏ హానీ ఉండదు. సన్నటి చెక్క పుల్ల గానీ ప్లాస్టిక్ స్కేలు గానీ ఒకటి, స్క్రూలు వేసుకోవడానికి చిన్న గిన్నె, ఫోన్ టార్చి. వీటితోపాటు కార్డు పెట్టుకోవడానికి యాంటీస్టాటిక్ కవరు.

మానిటర్, కీబోర్డు, నెట్ కేబుళ్లన్నీ తీసేసి, క్యాబినెట్ వెనకభాగం మీకు ఎదురుగా ఉన్నప్పుడు కుడివైపు వచ్చే ప్యానెల్‌ను విప్పండి. అంటే క్యాబినెట్‌ను ముందు నుంచి చూస్తే ఎడమది. కొన్ని క్యాబినెట్లలో బోర్డును తిప్పి బిగిస్తారు, అప్పుడు రెండోవైపు అవుతుంది. రేకు ప్యానెల్ అయితే వెనక రెండు స్క్రూలు తీసి, వెనక్కి జరిపితే ఊడుతుంది. గాజు ప్యానెల్ దగ్గర నిదానించండి. నాలుగు మూలలా స్క్రూలుంటే పైవి రెండూ ఆఖరున తీయాలి, తీసేటప్పుడు ఒక చెయ్యి గాజు మీద ఉండాలి. టెంపర్డ్ గాజు మధ్యలో గట్టిదే, అంచులో బలహీనం. టైల్స్ నేల మీద మూల ఆనిస్తే ఆ చిన్న తాకిడికే మొత్తం పొడిపొడి అవుతుంది. మడిచిన దుప్పటి మీద పడుకోబెట్టండి, నిలబెట్టొద్దు.

ఇప్పుడు క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి, తెరిచినవైపు పైకి ఉండాలి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. మొత్తం పనిలో ఎక్కువ మేలు చేసేది ఇదే. నిలబడిన క్యాబినెట్‌లో కార్డు అడ్డంగా ఉంటుంది, దాని బరువంతా స్లాటును కిందికి వంచుతుంటుంది. ఆర్‌టీఎక్స్ 4090 ఫౌండర్స్ ఎడిషన్ బరువు 2 కిలోలు పైనే. స్క్రూలు తీయగానే ఆ బరువు మొత్తం స్లాటు మీద, లాకు మీద పడి రెంటినీ బిగదీస్తుంది. పడుకోబెడితే కార్డు నిలువుగా నిలబడుతుంది, బరువు తిన్నగా స్లాటులోకి దిగుతుంది, ఏ పక్కకూ వంగదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నీటితో చల్లబరిచే ఏర్పాటు వల్లో మరో కారణం వల్లో పడుకోబెట్టడం కుదరకపోతే, స్క్రూలు తీసే ముందు నుంచీ ఒక చెయ్యి కార్డు కింద ఉండి తీరాలి. ఇంకొకరు తోడుంటే మంచిది.

విప్పే ముందు లోపలిభాగాన్ని రెండు మూడు కోణాల్లో ఫోటో తీసుకోండి. ఏ కేబుల్ ఎటు నుంచి వచ్చిందో తర్వాత అదే చెబుతుంది.

కేబుళ్లు

మానిటర్ కేబుళ్లను లాగే ముందు ఏ రకమో చూడండి. హెచ్‌డీఎంఐ బిగుతు మీదే నిలబడుతుంది, తిన్నగా లాగితే వస్తుంది. చాలా డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లకు మాత్రం ప్లగ్గులో రెండు చిన్న కొక్కేలుంటాయి. ప్లగ్గు మీదున్న బటన్‌ను బాగా లోపలికి నొక్కి, ఒకసారి కొద్దిగా ముందుకు తోసి, అప్పుడు లాగాలి. నొక్కకుండా లాగితే పోర్టు సోల్డరింగ్‌తో సహా కదులుతుంది. డీవీఐ, వీజీఏ కేబుళ్లకు ఇరువైపులా చేతి స్క్రూలుంటాయి, అవి విప్పాలి.

లోపల పవర్ కేబుళ్లు. స్లాటు నుంచి కార్డుకు దొరికేది గరిష్ఠంగా 75 వాట్లు. అంతకు మించి కావాలంటే పవర్ సప్లై నుంచి నేరుగా రావాలి: 6 పిన్నుల కనెక్టరుకు 75 వాట్లు, 8 పిన్నులదానికి 150, కొత్త 16 పిన్నులదానికి 600 దాకా. చిన్న కార్డుల్లో చాలావాటికి అసలు పవర్ కేబులే ఉండదు.

ప్రతి కనెక్టరుకూ ఒక పక్క నాలుక లాంటి క్లిప్పు ఉంటుంది. దాని కింది కొసలో ఉన్న కొక్కెం సాకెట్ గూటిని పట్టుకుని ఉంటుంది. క్లిప్పు పైభాగాన్ని, అంటే వైర్ల వైపున్న కొసను నొక్కితే కొక్కెం లేస్తుంది. మధ్యలో నొక్కితే ఏమీ జరగదు, గోరు మాత్రం నొప్పెడుతుంది. నొక్కినట్టు వేలికి తెలిశాక కనెక్టరు ఒంటిని పట్టుకుని లాగండి, వైర్లను పట్టుకుని కాదు. వైరు లాగితే లోపలి లోహపు పిన్ను గూట్లోంచి సగం జారుతుంది. అది పైకి కనిపించదు. తర్వాత ఎప్పుడో అక్కడ వేడెక్కి కాలుతుంది. రెండు కనెక్టర్లు పక్కపక్కనే ఉండి వేలు దూరకపోతే, బయటివైపుది ముందు తీయండి.

8 పిన్నుల కేబుల్ చాలావాటిలో 6, 2గా విడిపోతుంది. రెండూ కలిపే పట్టుకోవాలి. 2 పిన్నుల ముక్క ఒక్కటే సాకెట్‌లో ఉండిపోయిందేమో చూసుకోండి, కార్డు రాకుండా పట్టుకునే కారణాల్లో అదొకటి.

16 పిన్నుల కనెక్టరుకు వేరే మర్యాద ఉంది. 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొత్తల్లో ఈ కనెక్టర్లు కరిగిన ఉదంతాలు బయటపడ్డాయి. ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవడం ఒక ముఖ్య కారణమని ఎన్‌విడియా చెప్పింది. పిన్నులు చిన్నవి, వాటి మీద నడిచే కరెంటు ఎక్కువ. దీన్ని అటూ ఇటూ ఊపుతూ తీయకూడదు. క్లిప్పు నొక్కి తిన్నగా వెనక్కి లాగాలి. తీశాక రెండు వైపులా చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, ఒక గూడు ఆకారం మారినా ఆ కేబుల్‌ను మళ్లీ వాడకండి. ఈ కనెక్టరును స్పెసిఫికేషన్ ప్రకారం సుమారు 30 సార్లు పెట్టి తీయడానికే రూపొందించారు. ఊరికే తీసి పెట్టి చూసే అలవాటు దీని దగ్గర వద్దు.

తీసిన కేబుళ్లను ప్రాసెసర్ ఫ్యానుకు తగలకుండా పక్కన కట్టేయండి. మాడ్యులర్ పవర్ సప్లై, అంటే కేబుళ్లు దాని వైపు కూడా ఊడే రకం అయితే అటువైపు కొస కూడా పీకి దాచొచ్చు. కానీ ఆ కేబుల్‌ను వేరే పవర్ సప్లైకి వాడొద్దు. కనెక్టరు ఆకారం సరిపోయినా లోపలి పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, అప్పుడు పోయేది డిస్కా, కార్డా చెప్పలేం.

కార్డుకు రంగు లైట్ల వైరు గానీ ఫ్యాన్ వైరు గానీ బోర్డుకు కలిపి ఉంటే అదీ తీయండి. జుట్టంత సన్నటి ఈ వైర్లను మర్చిపోవడం సులువు. కార్డుకు రేడియేటర్ అంటుకుని ఉంటే ముందు రేడియేటర్‌ను క్యాబినెట్ నుంచి విప్పాలి. గొట్టాలు సొంతంగా బిగించిన నీటి వ్యవస్థ అయితే నీళ్లు దించకుండా కార్డు తీయలేరు, అది వేరే పని.

స్క్రూలు, ఊతం

ఊతం అంటే కార్డు చివర కింద నిలబెట్టిన స్తంభమో, బ్రాకెట్ (క్యాబినెట్ వెనక స్క్రూలతో బిగించే కార్డు లోహపు రేకు) పక్కన బిగించిన పట్టీయో. క్యాబినెట్ పడుకున్నాక స్తంభం పని ఉండదు కాబట్టి ముందు అది తీసేయొచ్చు. క్యాబినెట్‌ను నిలబెట్టే ఉంచి పని చేస్తుంటే ఊతాన్ని అన్నిటికన్నా ఆఖరున తీయండి. కంపెనీ అమర్చి పంపిన డెస్క్‌టాపుల్లో కార్డు ముందుకొసను పట్టుకునే ప్లాస్టిక్ బిగింపు తరచూ ఉంటుంది, దానికీ ఒక మీట ఉంటుంది. అలాంటి వాటిలో వెనక స్క్రూల బదులు అన్ని స్లాట్లకూ కలిపి ఒకే తలుపు లాంటి రేకు ఉండొచ్చు, నొక్కి తిప్పితే తెరుచుకుంటుంది.

మామూలు క్యాబినెట్‌లో, కార్డు ఎన్ని స్లాట్ల మందం ఉంటే వెనక దాదాపు అన్ని స్క్రూలుంటాయి: ఒకటి నుంచి మూడు. కొన్ని క్యాబినెట్లలో స్క్రూల మీద బయటినుంచి ఒక మూతరేకు ఉంటుంది, దాని స్క్రూ ముందు తీయాలి. స్క్రూ తల అరిగిపోయి జారుతుంటే మొనకూ తలకూ మధ్య వెడల్పు రబ్బరు బ్యాండు ముక్క ఉంచి, గట్టిగా నొక్కుతూ నెమ్మదిగా తిప్పండి.

ఆఖరి స్క్రూ తీసేటప్పుడు రెండో చెయ్యి కార్డు మీద ఉండనివ్వండి. స్క్రూ జారి బోర్డు మీద పడిందా, అది దొరికేదాకా కరెంటు పెట్టే ప్రసక్తే లేదు. చిన్న స్క్రూ ఒకటి రెండు కాంటాక్టుల మధ్య ఇరుక్కుంటే చాలు.

స్లాటు లాకు

కార్డు కింది అంచులో బంగారు రంగు కాంటాక్టుల వరస ఉంటుంది కదా, ఆ వరస అయిపోయాక, క్యాబినెట్ ముందువైపున, ఫైబర్ పలకలో కొక్కెం ఆకారంలో ఒక కోత ఉంటుంది. స్లాటు చివరి ప్లాస్టిక్ లాకు ముక్కు సరిగ్గా ఆ కోతలో కూర్చుంటుంది. ఊతం, స్క్రూలు, కేబుళ్లు అన్నీ పోయినా ఈ ముక్కు ఒక్కటే కార్డును ఆపగలదు. పైకి గట్టిగా లాగితే మొదట విరిగేది లాకే. అదృష్టం బాగోకపోతే స్లాటు ప్లాస్టిక్ గూడు బోర్డు నుంచి లేచి, దాని కింది పిన్నులు వంగుతాయి.

లాకు ఏ రకమో కనుక్కోవడం సగం పని. టార్చి వేసి, ఫోన్ కెమెరాను సందులోకి దించి ఫోటో తీయండి, కంటికి అందనిది ఫోటోలో కనబడుతుంది. లేదా ఖాళీగా ఉన్న మరో పొడవాటి స్లాటు చూడండి, చాలా బోర్డుల్లో రెండింటికీ ఒకేలాంటి లాకులుంటాయి. ఎక్కువగా కనిపించేది కిందికి, అంటే బోర్డు వైపుకు, నొక్కే చిన్న మీట. నొక్కితే ముక్కు కార్డు నుంచి బయటికి వాలుతుంది. కొన్ని పక్కకు జరిగే రకం, వాటిని కిందికి నొక్కితే విరుగుతాయి. కొన్నింటికి వెడల్పాటి రెక్క ఉంటుంది, కార్డు పక్కనుంచి వేలితో అందుతుంది. ఈమధ్య బోర్డుల్లో ర్యామ్ పక్కన ఒక బటన్ పెట్టి లాకుకు కలుపుతున్నారు, దాన్ని నొక్కితే చాలు. ఏసూస్ ఇటీవలి బోర్డుల్లో కొన్నింటికి బటనూ లేదు, మీటా లేదు. కార్డును బ్రాకెట్ వైపు నుంచి ముందు ఎత్తితే లాకు తనంతట తనే వదులుతుంది. ఇలాంటిదాని మీద పుల్ల పెట్టి పొడిచినా ప్రయోజనం ఉండదు. అందుకే బోర్డు మాన్యువల్‌లో స్లాటు బొమ్మ ఉన్న పేజీ ఒక్కటి చూసి మొదలుపెట్టండి.

మీట రకం అయితే అసలు కష్టం చేరుకోవడమే. ఒకపక్క ప్రాసెసర్ కూలర్, మరోపక్క కార్డు వెనకపలక, కింద ఎస్‌ఎస్‌డీ మీది లోహపు పలక. వేలు దూరదు. చెక్క పుల్లను గానీ స్కేలును గానీ కార్డు వెనకపలక వెంబడి, ర్యామ్ వైపు నుంచి కిందికి దించండి. పుల్ల కొస మీట మీద ఆనిందని తెలిశాక నొక్కండి. మీట కొద్దిగా దిగినట్టు, చిన్నగా టక్కుమన్నట్టు తెలుస్తుంది. స్క్రూడ్రైవర్ మాత్రం వాడకండి. జారితే మొన నేరుగా బోర్డు మీద పడుతుంది, ఆ చోట జుట్టంత సన్నటి రాగి దారులుంటాయి. ఒక గీత పడినా బోర్డు పోవచ్చు.

ఇక్కడో మెలిక. కొన్ని లాకులు ఒకసారి నొక్కితే తెరిచే ఉంటాయి. కొన్నింటికి స్ప్రింగు ఉంటుంది, వదలగానే మళ్లీ పట్టుకుంటాయి. నొక్కాక కార్డు కదలకపోతే మీది రెండోరకం అనుకోండి. ఒక చేత్తో పుల్లను నొక్కి ఉంచుతూనే రెండో చేత్తో కార్డు ముందుకొసను 2, 3 మిల్లీమీటర్లు ఎత్తండి. అంత లేస్తే చాలు, లాకు మళ్లీ కూర్చోలేదు.

పైకి ఎత్తడం

ఒక చెయ్యి బ్రాకెట్ దగ్గర, మరో చెయ్యి ముందుకొస దగ్గర. పట్టు కార్డు తొడుగు అంచుల మీద ఉండాలి, ఫ్యాను రెక్కల మీద కాదు. బోర్డుకు నిటారుగా పైకి ఎత్తండి. బిగుతుగా అనిపిస్తే పొడవు వెంబడి, అంటే ముందుకొస కాస్త, బ్రాకెట్ కొస కాస్త, కొద్దికొద్దిగా మార్చి మార్చి ఎత్తొచ్చు. మందం దిక్కున, అంటే ప్రాసెసర్ వైపుకూ అటువైపుకూ ఊపడం మాత్రం పనికిరాదు. పొడవాటి కార్డు అప్పుడు గునపంలా పనిచేస్తుంది, పైన చిన్న కదలిక కింద స్లాటు గోడ మీద పెద్ద బలమవుతుంది.

కార్డు సగం లేచి ఆగిపోతే బ్రాకెట్ కింది నాలుక చూడండి. అది క్యాబినెట్ రేకుకూ బోర్డు అంచుకూ మధ్య సందులో దిగి ఉంటుంది, తిన్నగా పైకి వస్తేనే జారుతుంది, వాలిస్తే తగులుకుంటుంది. అదీ కాకపోతే ముందు ఫ్యాన్లు, డిస్కుల గూడు అడ్డుగా ఉన్నాయేమో, ఏదైనా వైరు మిగిలిందేమో చూడండి. ఎక్కడ ఆగినా మళ్లీ ఆ ఐదు పట్లనూ వరసగా తడుముకోవాలి, బలం పెంచకూడదు.

కార్డును నిలువుగా గాజువైపు తిప్పి పెట్టిన క్యాబినెట్లలో కార్డు నేరుగా బోర్డులో ఉండదు, రైజర్ కేబుల్ అనే వెడల్పాటి పట్టీ కొసన ఉంటుంది. ఆ కొసకూ ఇలాంటి లాకే ఉండొచ్చు. పట్టీని మడత పడనివ్వొద్దు.

తీశాక

బంగారు కాంటాక్టులను వేళ్లతో తాకకుండా యాంటీస్టాటిక్ కవరులో పెట్టండి. వెండిరంగులో మెరిసేది ఉత్తమం, బయటి స్టాటిక్‌ను అడ్డుకుంటుంది. గులాబీరంగు ప్లాస్టిక్ కవరు తానుగా స్టాటిక్ పుట్టించదు, అంతే, బయటినుంచి వచ్చేదాన్ని ఆపలేదు. థర్మాకోల్ మీద, మామూలు పాలిథిన్ సంచిలో పెట్టొద్దు. కవరు పైన కార్డు పెట్టి కరెంటు ఇచ్చి పరీక్షించే పని అసలే వద్దు, వెండిరంగు కవరు కరెంటును పారనిస్తుంది.

దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి అది తన పరిమితిని మించి తిరిగితే బేరింగు దెబ్బతింటుంది. కాంటాక్టులు మసకబారి ఉంటే 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది, మురికి పోతుంది కూడా. కానీ పూత పలచన, రబ్బరు దాన్ని కూడా అరగదీస్తుంది.

ఖాళీ అయిన వెనక సందుకు రేకు మూత బిగించండి. లేకపోతే దుమ్ము అక్కణ్నుంచే పోతుంది లోపలికి. స్క్రూలను చిన్న కవరులో వేసి కార్డు డబ్బాలోనే ఉంచండి.

తేడా వస్తే

లాకు విరిగిపోతే కంగారు పడక్కర్లేదు. స్లాటు పనిచేస్తుంది, వెనక స్క్రూలు కార్డును పట్టుకుంటాయి. బరువైన కార్డుకు ఊతం తప్పనిసరి, క్యాబినెట్‌ను ఎక్కడికైనా తీసుకెళ్లేటప్పుడు కార్డు తీసి విడిగా తీసుకెళ్లాలి. విరిగిన ముక్క స్లాటులోపల పడలేదని మాత్రం నిర్ధారించుకోండి. స్లాటు గూడే లేచిందంటే కరెంటు పెట్టకుండా బోర్డును రిపేరుకు ఇవ్వాలి.

కార్డు లేకుండా ఆన్ చేస్తే తెర నల్లగా ఉందా, ముందు మానిటర్ కేబుల్ బోర్డు పోర్టుకు మార్చారా చూడండి. మార్చినా రాక, బోర్డు మీద వీజీఏ అని రాసున్న లైటు వెలుగుతుంటే, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదు లేదా బయోస్‌లో ఆపేసి ఉంది. రెండోదైతే మళ్లీ వైరు పీకి, బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్లును 5 నిమిషాలు తీసి పెడితే చాలా బోర్డుల్లో బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి.

కార్డు తిరిగి పెట్టేటప్పుడు వరస తలకిందులు: స్లాటులో తిన్నగా నొక్కి లాకు టక్కుమనే చప్పుడు వినాలి, తర్వాత స్క్రూలు, ఊతం, పవర్ కేబుళ్లు. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, దాన్ని ఇక్కడ పెట్టకూడదు. అది 4, 4గా విడిపోతుంది, పైగా 12 వోల్టుల పిన్నులు, ఎర్త్ పిన్నులు దాంట్లో తారుమారుగా ఉంటాయి. విండోస్ వచ్చాక, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడండి. ఎక్స్ పక్కనున్న అంకె కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా దారుల సంఖ్య, ఎక్స్16 కార్డు ఎక్స్8, ఎక్స్4 అని చూపిస్తే సరిగ్గా దిగి ఉండకపోవచ్చు. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 6600 లాంటివి పుట్టుకతోనే ఎక్స్8, వాటికి అది మామూలే. కొన్ని బోర్డుల్లో రెండో స్లాటులో ఇంకేదైనా ఉన్నా మొదటిది ఎక్స్8కి తగ్గుతుంది. పని లేనప్పుడు అదే గడిలో జనరేషన్ 1.1 అని తక్కువగా కనిపిస్తే అది కరెంటు ఆదా కోసం కార్డు తనంతట తాను తగ్గించుకున్న వేగం. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే అసలు అంకె కనిపిస్తుంది.